నౌన్ క్లాజుల కోర్సు: తెలుగు వాక్యం దగ్గర మొదలుపెట్టారు, అందుకే బుర్రకెక్కింది

నౌన్ క్లాజులు, అంటే పెద్ద వాక్యంలో నామవాచకం పని చేసే చిన్న వాక్యాలు, నేర్పే ఈ ఇంగ్లిష్ కోర్సు కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, కొనండి. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదువుకుని ఇప్పుడు ఆఫీసులో ఇంగ్లిష్‌లో మెయిళ్లు రాయాల్సి వస్తున్నవాళ్లు, ఎస్సెస్సీకో బ్యాంకు పరీక్షలకో ప్రిపేరవుతూ ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నలు) దగ్గర మార్కులు పోగొట్టుకుంటున్నవాళ్లు. లోపాలున్నాయి, అందులో రెండు పెద్దవే, అవి కూడా రాస్తాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చాను.

మా ఇంట్లో ఇద్దరం చూశాం. నాది సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం, రోజంతా క్లయింట్లకి జవాబులు రాయడమే పని. తమ్ముడు ఎస్సెస్సీ సీజీఎల్‌కి చదువుతున్నాడు. వాడు అంతకుముందు అమీర్‌పేటలో ఒక కోచింగ్‌కి వెళ్లాడు. అక్కడ నౌన్ క్లాజ్ అనగానే సబ్జెక్ట్, ఆబ్జెక్ట్, ప్రిపొజిషన్ తర్వాతి ఆబ్జెక్ట్, కాంప్లిమెంట్, అపొజిషన్ అని బోర్డు మీద ఐదు పేర్లు రాసి, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ చెప్పి వదిలేశారు. ఆ ఐదూ తప్పు కాదు, నౌన్ క్లాజ్ వాక్యంలో కూర్చునే చోట్లు అవే. కానీ పేర్లు వస్తే వాక్యం రాదు కదా. ఇచ్చిన వాక్యంలో గీత గీసి ఇది ఫలానా అని చెప్పమంటే తమ్ముడు టక్కున చెప్పేవాడు, అలాంటిదే సొంతంగా ఒకటి రాయమంటే ఆగిపోయేవాడు.

ఈ కోర్సు చెప్పే మేడం రిటైరైన హైస్కూల్ టీచర్. మొదటి వీడియోలో డెఫినిషన్ లేదు, ఇంగ్లిష్ వాక్యం కూడా చాలాసేపటిదాకా లేదు. "వాడు అబద్ధం చెప్పాడని నాకు తెలుసు" అని రాసి, ఇందులో నీకేం తెలుసు అని అడుగుతారు. వాడు అబద్ధం చెప్పాడని. ఆ ముక్కంతా తీసేసి "ఆ సంగతి" అని పెట్టండి, "ఆ సంగతి నాకు తెలుసు", వాక్యం నిలబడింది. అంటే ఒక పూర్తి వాక్యం వచ్చి ఒక్క నామవాచకం చేసే పని చేస్తోంది. తర్వాత "ఐ నో దట్ హి లైడ్" రాసి, "దట్ హి లైడ్" తీసి "ఇట్" పెట్టి, "ఐ నో ఇట్" చేసి చూపిస్తారు. నౌన్ క్లాజ్‌ని గుర్తుపట్టడానికి కోర్సు మొత్తంలో వాడే పరీక్ష ఇదే. ఏదైనా అనుమానం వస్తే ఆ ముక్క తీసేసి "ఆ సంగతి" పెట్టి చూడమంటారు. తమ్ముడికి క్లాజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసింది ఈ ఒక్క పాఠంతోనే.

రెండో పాఠం నాకు కోర్సులో బాగా నచ్చిన వాటిలో ఒకటి. మనం తెలుగులో రోజూ నౌన్ క్లాజులు వాడుతూనే ఉన్నాం, ఎవరూ నేర్పకుండానే వాడుతున్నాం, కాకపోతే ఇంగ్లిష్‌లో దట్, వాట్, వెదర్ లాంటి మాటలు క్లాజ్ ముందు నిలబడి చేసే పనిని తెలుగులో క్లాజ్ చివర అతుక్కునే ముక్కలు చేస్తాయి అని చెప్పి, ఆ ముక్కలు ఒక్కొక్కటే బయటికి తీస్తారు. "రేపు వస్తాడని అమ్మ చెప్పింది", ఇక్కడ "అని" ఉంది, ఇంగ్లిష్‌లో దట్. "ఎప్పుడొస్తాడో తెలీదు", ఇక్కడ చివర ఓ ఉంది, ఇంగ్లిష్‌లో వెన్. "వస్తాడో రాడో తెలీదు", రెండు ఓలు, ఇంగ్లిష్‌లో వెదర్. "నువ్వు చెప్పింది నిజం", ఇక్కడ "చెప్పింది" అన్న ఒక్క మాటలోనే క్లాజ్ అంతా ఉంది, ఇంగ్లిష్‌లో "వాట్ యు సెడ్ ఈజ్ ట్రూ".

ఈ చివరిది చాలామందికి తెలియాల్సింది. "మీరు చెప్పేది నాకు అర్థమైంది" అని రాయాల్సి వచ్చినప్పుడు మనవాళ్లు "వాట్" పెట్టరు, దట్ పెడతారు, లేకపోతే "యువర్ సేయింగ్" అని ఏదో కట్టేస్తారు. "చెప్పేది, చేసింది, కావాల్సింది, జరిగింది" లాంటి మాట తెలుగు వాక్యంలో కనిపిస్తే, దాని అర్థం "ఏదైతే చెప్పామో అది" అయితే, ఇంగ్లిష్‌లో వాట్‌తో మొదలుపెట్టమంటారు మేడం. "నాకు కావాల్సింది టైం", "వాట్ ఐ నీడ్ ఈజ్ టైం". "జరిగింది చెప్పు", "టెల్ మి వాట్ హ్యాపెన్డ్". మా టీంలో కొత్తగా చేరిన పిల్లలకి నేను ఇదే చెప్తున్నాను ఇప్పుడు.

ప్రశ్నల పాఠం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎర్రర్ స్పాటింగ్‌లో తరచూ కనిపించేది ఇదే, ఇంటర్వ్యూల్లో వినిపించేది ఇదే. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అనకూడదు, "వేర్ హి ఈజ్" అనాలి అని అందరూ చెప్తారు. ఎందుకు మనకి ఆ తప్పు వస్తుందో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ చెప్పారు. తెలుగులో "వాడు ఎక్కడున్నాడు" అన్న ప్రశ్నని ఇంకో వాక్యంలో పెట్టాలంటే ఏ మాటా జరగదు, చివర ఓ తగిలిస్తే చాలు, "వాడు ఎక్కడున్నాడో తెలీదు". ఇంగ్లిష్‌లో ఓ లేదు. అక్కడ నేరుగా ప్రశ్న అడగాలంటే క్రియ ముందుకొస్తుంది, ఆ ప్రశ్న ఇంకో వాక్యంలోకి వెళ్లగానే క్రియ మళ్లీ తన చోటికి వెళ్లిపోతుంది. మనం చిన్నప్పుడు "వేర్ ఈజ్ హి" అని ఒక ముద్దలా నేర్చుకున్నాం, ఆ ముద్దని ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తాం, తెలుగులో అలా అతికిస్తే సరిపోతుంది కాబట్టి. డూ, డజ్, డిడ్ సంగతి కూడా ఇంతే. "వాట్ డజ్ హి వాంట్" లోపలికి వెళ్తే డజ్ పోతుంది, దాని ఎస్ క్రియకి వచ్చి చేరుతుంది, "ఐ నో వాట్ హి వాంట్స్". "హూ బ్రోక్ ఇట్" లాంటి వాటిలో మాత్రం హూ అనేదే సబ్జెక్ట్ కాబట్టి జరగడానికి ఏమీ లేదు, అలాగే ఉంటుంది. ఇంకోటి, చివర ప్రశ్న గుర్తు పెట్టాలా వద్దా అన్నది లోపలి క్లాజ్‌ని బట్టి కాదు, బయటి వాక్యాన్ని బట్టి. "డు యు నో వేర్ హి ఈజ్" అయితే పెట్టాలి, "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్" అయితే ఫుల్‌స్టాప్.

అదే పాఠంలో ఇంకో తప్పు గురించి కూడా చెప్పారు, "హి ఆస్క్డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్". ఈ దట్ ఎక్కడినుంచి వచ్చింది? మన "అని" నుంచి. "ఎక్కడికెళ్తున్నావని అడిగాడు" అంటాం కదా, తెలుగులో ప్రశ్న తర్వాత కూడా "అని" రావచ్చు. ఇంగ్లిష్‌లో వేర్, వెన్, ఇఫ్ లాంటి మాట ఉంటే దాని ముందు దట్‌కి చోటు లేదు, క్లాజ్‌ని మొదలుపెట్టే పని ఆ మాటే చేసేసింది. తప్పు ఎక్కడ పుడుతుందో తెలిశాక దాన్ని ఆపుకోవడం సులువైంది, మా తమ్ముడి విషయంలో కళ్లారా చూశాను.

ఇక వెన్, ఇఫ్ పాఠం. ఆఫీసులో పనిచేసేవాళ్లు ఇదొక్కటి చూసినా డబ్బులు వచ్చేసినట్టే. "టెల్ మి వెన్ హి కమ్స్", "టెల్ మి వెన్ హి విల్ కమ్", చూడ్డానికి ఒకటేలా ఉంటాయి. మొదటిది మామూలుగా "అతను వచ్చినప్పుడు నాకు చెప్పు", రెండోది "అతను ఎప్పుడొస్తాడో చెప్పు". మొదటిదాంట్లో వెన్ క్లాజ్ అడ్వర్బ్ పని చేస్తోంది, అంటే ఎప్పుడు చెప్పాలో చెప్తోంది. రెండోదాంట్లో నౌన్ పని చేస్తోంది, ఏం చెప్పాలో చెప్తోంది. "ఆ సంగతి చెప్పు" అని మార్చి చూస్తే రెండోదే నిలబడుతుంది. వెన్ తర్వాత విల్ పెట్టకూడదు అని స్కూల్లో నేర్పే రూల్ అడ్వర్బ్ క్లాజ్‌కి మాత్రమే, నౌన్ క్లాజ్‌లో భవిష్యత్తు గురించి అడుగుతుంటే విల్ పెట్టాల్సిందే. మన తెలుగులో "వచ్చినప్పుడు" వేరు, "ఎప్పుడొస్తాడో" వేరు, రెండూ కలిసిపోయే అవకాశమే లేదు, కాబట్టి ముందు తెలుగులో అనుకుని చూస్తే ఏది కావాలో తేలిపోతుంది.

ఇఫ్ కూడా అంతే. "లెట్ మి నో ఇఫ్ యు కెన్ జాయిన్ ది కాల్" అని మేం రోజుకి ఎన్నో సార్లు రాస్తాం. దానికి రెండు అర్థాలున్నాయి. చేరగలిగితే చెప్పండి, లేకపోతే జవాబు అక్కర్లేదు అని ఒకటి. చేరగలరో లేదో, ఏదో ఒకటి చెప్పండి అని ఇంకొకటి. రెండోది కావాలంటే వెదర్ రాయండి, అనుమానం ఉండదు. ఇఫ్ ఎక్కడ అసలు పనికిరాదో కూడా శుభ్రంగా చెప్పారు: ప్రిపొజిషన్ తర్వాత వెదర్ మాత్రమే, "వెదర్ టు గో" లాంటి చోట వెదర్ మాత్రమే, క్లాజే సబ్జెక్ట్ అయి వాక్యం మొదట్లో కూర్చుంటే వెదరే, "ఆర్ నాట్" వెంటనే రావాలన్నా వెదరే.

అపొజిషన్, అంటే క్లాజ్ ఒక నామవాచకం పక్కనే కూర్చుని అదేమిటో చెప్పడం, దానికి భయపడేవాళ్లు ఎక్కువ. "ది న్యూస్ దట్ హి పాస్డ్", "ది న్యూస్ దట్ హి బ్రాట్". మొదటిది నౌన్ క్లాజ్, రెండోది అడ్జెక్టివ్ క్లాజ్. రెండింట్లోనూ దట్ ఉంది, ఎలా పట్టుకోవాలి? మేడం తెలుగులోకి మార్చారు. "వాడు పాసయ్యాడనే వార్త", "వాడు తెచ్చిన వార్త". "అనే" వచ్చిందంటే క్లాజ్ ఆ వార్త ఏమిటో చెప్తోంది, అది నౌన్ క్లాజ్. "తెచ్చిన" వచ్చిందంటే ఏ వార్తో చెప్తోంది, అది అడ్జెక్టివ్ క్లాజ్. అక్కడితో ఆపేసి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు, ఎందుకంటే "వాడు పాసైన సంగతి" అని కూడా అంటాం, అందులో "అనే" లేదు. ఆవిడ అది కూడా ఎత్తారు. "పాసైన సంగతి"ని "పాసయ్యాడనే సంగతి" అని మార్చినా అర్థం అదే ఉంటుంది, "తెచ్చిన వార్త"ని "తెచ్చాడనే వార్త" అంటే అర్థమే మారిపోతుంది. కాబట్టి "అనే" పెట్టడానికి కుదురుతుందా లేదా అన్నదే పరీక్ష. ఇంగ్లిష్ వైపు నుంచి చూడాలంటే దట్ తీసి విచ్ పెట్టి చూడమన్నారు, "ది న్యూస్ విచ్ హి బ్రాట్" కుదురుతుంది, మొదటిది కుదరదు. ఇంత జాగ్రత్తగా చెప్పే టీచర్ దొరకడం మన అదృష్టం అనిపించింది నాకు.

ఇట్‌తో మొదలయ్యే వాక్యాల పాఠం చిన్నది, బాగానే ఉంది. "వాడు రావడం మంచిదైంది" అని మనం బరువైన ముక్కని ముందు పెడతాం, ఇంగ్లిష్‌వాళ్లకి అది మొదట్లో ఉంటే మోయలేనట్టు అనిపిస్తుంది, అందుకే ఇట్ ఒకటి ముందు పెట్టి క్లాజ్‌ని చివరికి నెట్టేస్తారు, "ఇట్ ఈజ్ గుడ్ దట్ హి కేమ్". దట్ ఎక్కడ మానేయొచ్చో కూడా ఇందులోనే ఉంది. "ఐ థింక్" లాంటి వాటి తర్వాత మాట్లాడేటప్పుడు హాయిగా మానేయొచ్చు, దట్ క్లాజ్ వాక్యం మొదట్లోనే సబ్జెక్ట్‌గా ఉంటే మానేయకూడదు.

ఇప్పుడు నచ్చనివి.

టెన్స్‌ల పాఠం హడావుడిగా ముగించారు. మొదలుపెట్టడం చాలా బాగుంది. "వాడు వస్తానన్నాడు" అన్న వాక్యం తీసుకుని, చూడండి, వాడి గురించి చెప్తున్నా తెలుగులో "వస్తాను" అనే ఉంది, వాడు అన్న మాటని వాడి నోట్లో ఉన్నట్టే ఉంచేస్తాం, ఇంగ్లిష్‌లో మాత్రం "హి సెడ్ హి వుడ్ కమ్" అని మనిషినీ కాలాన్నీ రెండింటినీ మార్చాలి అని చెప్పారు. అక్కడిదాకా వింటుంటే ముచ్చటేసింది. ఆ తర్వాత బయటి క్రియ పాస్ట్‌లో ఉంటే లోపలిది కూడా పాస్ట్‌లోకి వెళ్లాల్సిందే, భూమి గుండ్రంగా ఉంది లాంటి శాశ్వత సత్యాలకి తప్ప, అని తేల్చేశారు. పరీక్షకి అది సరిపోవచ్చు. నిజంగా ఇంగ్లిష్ వాడేచోట అంత కట్టుదిట్టం లేదు. "ది క్లయింట్ సెడ్ దట్ దే నీడ్ ఇట్ బై ఫ్రైడే", శుక్రవారం ఇంకా రాలేదు, వాళ్లకి అది ఇంకా కావాలి, అలాంటప్పుడు నీడ్ అని ఉంచితే తప్పేమీ లేదు, మంచి ఇంగ్లిష్ రాసేవాళ్లూ రాస్తారు. "నీడెడ్" అని కూడా రాయొచ్చు. ఈ వెసులుబాటు చెప్పకపోతే, ఆఫీసులో వేరేవాళ్లు సరిగ్గా రాసిన మెయిల్‌ని చూసి మనం తప్పనుకునే ప్రమాదం ఉంది.

రెండోది ఇంకా పెద్ద లోటు. సజెస్ట్, రికమెండ్, డిమాండ్, ఇన్సిస్ట్ లాంటి క్రియల తర్వాత వచ్చే నౌన్ క్లాజ్‌కి ఒక్క స్లైడ్ ఇచ్చి వదిలేశారు. "షి సజెస్టెడ్ దట్ హి సీ ఎ డాక్టర్", ఇక్కడ సీస్ కాదు, సా కాదు, ఉత్త సీ. ఎందుకు ఉత్త క్రియ వచ్చింది, అక్కడ షుడ్ పెట్టొచ్చా, బ్రిటిష్‌వాళ్లు షుడ్ ఎక్కువ వాడతారు కదా, వీటిలో ఏదీ వివరించలేదు. మనవాళ్లు "సజెస్ట్ మి టు డు" అని రాసేది ఇక్కడే. "నాకు సలహా ఇచ్చాడు" అన్న లెక్కలో సజెస్ట్ తర్వాత మి వచ్చేస్తుంది. ఎక్స్‌ప్లెయిన్‌తో కూడా అదే తంటా. సే, టెల్ మధ్య తేడాకి అంత చక్కగా వీడియో చేసినవాళ్లు దీనికి కూడా ఒకటి చేయాల్సింది. ఎర్రర్ స్పాటింగ్ కోసం వచ్చేవాళ్లకి ఇది తప్పనిసరి.

వర్క్‌బుక్ పీడీఎఫ్ గురించి. అభ్యాసాలు చాలా ఉన్నాయి, వాక్యాలు మన జీవితంలోవి, రైలు ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడం, కరెంటు ఎందుకు పోయిందో అడగడం, ఇంటి ఓనర్ ఏమన్నాడో చెప్పడం, ఇలా. జవాబులు మాత్రం చివర్లో ఒట్టి జవాబులే ఉన్నాయి, ఎందుకో లేదు. మన జవాబు వాళ్ల జవాబుతో కలవనప్పుడు మనది తప్పా, లేక రెండూ ఒప్పేనా అన్నది తెలీదు. దానికోసం ఆదివారం సాయంత్రం జరిగే లైవ్ క్లాస్‌లో కూర్చోవాలి.

ఆ లైవ్ క్లాస్ మటుకు వదులుకోకండి. మేడం ఎంత ఓపిగ్గా చెప్తారంటే, ఒకే సందేహం వేర్వేరు మనుషులు అడిగినా మొదటిసారి విన్నట్టే వింటారు. ఒకసారి ఒకబ్బాయి "హి ఆస్క్డ్ మి వాట్ వాజ్ ది మ్యాటర్" అనాలా, "వాట్ ది మ్యాటర్ వాజ్" అనాలా అని అడిగాడు. రూల్ ప్రకారం క్రియ చివరికి వెళ్లాలి కదా అని వాడి వాదన. ఇక్కడ వాట్‌నే సబ్జెక్ట్‌గా తీసుకోవచ్చు, అప్పుడు జరగాల్సింది ఏమీ లేదు, అందుకే "వాట్ వాజ్ ది మ్యాటర్" అన్నది ఒప్పే, వాడుకలో ఎక్కువ వినపడేది కూడా అదే అని ఆవిడ చెప్పారు. "హూ బ్రోక్ ఇట్" పాఠం గుర్తు చేసి మరీ చెప్పారు. ఆ అబ్బాయి "అర్థమైంది మేడం, థాంక్యూ మేడం" అంటుంటే మా తమ్ముడు తన నోట్సులో రాసుకుంటున్నాడు.

యాప్ సంగతి ఒక ముక్క. వీడియో మధ్యలో ఆపి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి మొదటికి వెళ్లిపోతుంది, డౌన్‌లోడ్ చేసుకునే వీలు లేదు, నెట్ సరిగ్గా లేని ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది ఇబ్బందే. బోర్డు మీద రాసిన అక్షరాలు ఫోన్‌లో చిన్నగా కనిపిస్తాయి, కుదిరితే ల్యాప్‌టాప్‌లో చూడండి. మెయిల్ పెడితే జవాబు వస్తుంది, నేను సజెస్ట్ గురించి రాస్తే కొత్త వీడియో ఆలోచిస్తున్నాం అన్నారు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు అడుగుతున్నారు, ఇది సరిపోతుందా అని. ఆ పరీక్షకి కావాల్సిన మొత్తం గ్రామర్ ఇందులో లేదు, ఇది ఒక్క టాపిక్ కోర్సే. రైటింగ్‌లో మార్కులిచ్చే నాలుగు కొలమానాల్లో గ్రామర్ ఒకటి, అందులో చిన్న వాక్యాలే కాకుండా కాంప్లెక్స్ వాక్యాలు కూడా రాయగలరా అని చూస్తారు, ఆ మేరకు ఉపయోగం ఉంది. ఇప్పటికే ఇంగ్లిష్‌లో తడుముకోకుండా రాసేవాళ్లకి ఇది అక్కర్లేదు. పదో తరగతి, ఇంటర్ పిల్లలకి కొనాలనుకునే తల్లిదండ్రులు మాత్రం మొదటి రెండు పాఠాలు పిల్లల పక్కన కూర్చుని చూడండి, ఆ పాఠాల్లో ఎక్కువ భాగం తెలుగే కాబట్టి మీరు కూడా వాళ్లతో కలిసి వాక్యాలు కట్టొచ్చు.

అడ్జెక్టివ్ క్లాజుల మీద కూడా ఇదే మేడంతో ఇలాంటి కోర్సు తీసుకురండి, తీసుకుంటాం. అంతకంటే ముందు ఆ సజెస్ట్ వీడియో పెట్టండి, తమ్ముడి పరీక్షలోపు వస్తే ఇంకా మంచిది.